ఆవకాయ జాడీల కింద బల్లి గుడ్లు

మా ఇంట్లో ఆవకాయ పెట్టిన చోటికి తడిచేత్తో ఎవరూ వెళ్లకూడదు. నేను కాపురానికి వచ్చిన నాటి నుంచి ఉన్న కట్టడి ఇది. ఉయ్యూరు పెంకుటింట్లో ఉన్నప్పుడూ ఇదే, ఇప్పుడు విజయవాడలో బెంజ్ సర్కిల్ వెనక సందులో మూడో అంతస్తు ఫ్లాట్‌లో ఉంటున్నా ఇదే. ఇక్కడ జాడీలుండేది వంటింటి పక్కన ఉన్న చిన్న కొట్టులో. మనిషి లోపలికి వెళ్లి వెనక్కి తిరగాలంటే మోచేతులు గోడకు తగులుతాయి. కిటికీ లేదు. ఎండ మొహం ఎరగదు. చెయ్యి తుడుచుకుని, ఆరిందో లేదో చూసుకుని లోపలికి పోవాలి. మా కోడలు ఇన్నేళ్లలో ఒక్కసారి ఈ మాట తప్పింది. ఆ సంగతి ఆవిడా మరిచిపోలేదు, నేనూ మరిచిపోలేదు.

అలాంటి కొట్టులోకి ఈ వేసవిలో మా మనవరాలు తడి డబ్బా ఒకటి తెచ్చిపెట్టింది. అందులో రెండు బల్లి గుడ్లు.

మా మనవరాలు గన్నవరంలో పశువుల డాక్టరు చదువు చదువుతోంది. మొదటి ఏడాది అయ్యింది. హాస్టల్లో ఉంటుంది, సెలవులకు ఇంటికి వస్తుంది. చదువు పూర్తిచేసుకుని వెళ్లిపోతున్న సీనియర్ పిల్ల ఎవరో తను పెంచుకుంటున్న బల్లిని దీని చేతిలో పెట్టి వెళ్లింది. గాజుపెట్టె, అందులో ఇసుకరంగు ఒంటిమీద చిరుతపులికి ఉన్నట్టు మచ్చలున్న బల్లి. తోక లావుగా ఉంటుంది. గోడలెక్కదు. కళ్లకు రెప్పలున్నాయి, మనల్ని చూసి తీరిగ్గా మూసి తెరుస్తుంది.

"ట్యూబులైటు కింద ఉన్నవి చాలవటే నీకు? వాటికి మేతకి పైసా ఖర్చు లేదు," అన్నాను.

"ఇది వేరే నానమ్మా. దీన్ని పెంచుకుంటారు."

"గోడమీద ఉన్నవాటిని మాత్రం మనం తరిమేశామా?"

దీనికి బతికున్న పురుగులే కావాలి. అవి సీసాలో అమ్ముతారు. ఆ ధర విన్నాక నేను ఊరుకోలేదు. తవుడు తెప్పించి, పాత బిస్కెట్ డబ్బాకు చిల్లులు పొడిచి, ఒక సీసా పురుగుల్ని అందులో వదిలాను. అవే పెరుగుతున్నాయి, అవే పిల్లలు పెడుతున్నాయి. మనవరాలు హాస్టల్లో ఉన్నన్నాళ్లూ వాటిని పట్టకారుతో పట్టి బల్లికి అందించే పని నాదే. ఎదురు ఫ్లాటావిడ ఒకరోజు చూసింది. "మామీద బల్లి పడితే తలంటుకుంటామండీ, మీరేంటండీ మేత పెట్టి మరీ పెంచుతున్నారు," అంది. "మేం చర్చికి పోయేవాళ్లం కదండీ, మాకా పట్టింపు లేదు. ఖర్చు పట్టింపొక్కటే ఉంది," అన్నాను.

బల్లి వచ్చేటప్పటికే కడుపుతో ఉందని మాకు తెలియదు. వేసవి మొదట్లో ఇసుకలో గుంట తీసి రెండు గుడ్లు పెట్టింది. ఖర్జూరపు కాయంత ఉన్నాయి. తెల్లగా, పెంకు గట్టిగా కాకుండా తోలులాగా. వాటిని పొదిగే మిషను ఉందట, కొందామంది మనవరాలు. నేను రొయ్యలు తెచ్చిన థర్మాకోల్ పెట్టె చూపించాను. దాన్ని నిమ్మతొక్కలతో తోమి, డాబా మీద వారం రోజులు ఎండబెట్టాం. అయినా మూత తీస్తే కాస్త రొయ్యల వాసన వస్తూనే ఉండేది. ఆ పెట్టెలో మూత ఉన్న ప్లాస్టిక్ డబ్బా, డబ్బాలో నర్సరీవాళ్లు కుండీలకు అమ్మే తేలికమట్టి తడిపి, అందులో గుడ్లు సగం దిగేలా పెట్టింది. ఒక్కో గుడ్డు మీద పెన్సిలుతో చుక్క పెట్టింది.

ఆ చుక్క చూసి నాకు నవ్వొచ్చింది. మేమూ పెట్టేవాళ్లం. పొదుగుడికి వేసిన గుడ్లకు బొగ్గుతో గీత గీస్తే, ఆ తర్వాత వేరే పెట్ట వచ్చి అందులో పెట్టిన గుడ్డేదో తెలుస్తుంది, దాన్ని తీసి కూర వండుకోవచ్చు. దీని చుక్క అందుకు కాదట. పెట్టినప్పుడు పైకున్న వైపు కడదాకా పైకే ఉండాలట. లోపల పిల్ల పైకప్పుకు అంటుకుని పెరుగుతుంది, గుడ్డు దొర్లితే సొన దానిమీదికి వచ్చి ఊపిరాడక చస్తుందట. కోడిపెట్ట అలా కాదు, పగలల్లా ముక్కుతో గుడ్లను దొర్లిస్తూనే ఉంటుంది. దొర్లించకపోతేనే పాడవుతాయి. నేను అదే చెప్పాను. "అది కోడి నానమ్మా," అని మాత్రం అంది.

ఇంకో చిక్కు వేడి. అది చదివిన చోటల్లా గుడ్లను ఎలా వెచ్చబెట్టాలో రాశారట. చలిదేశాలవాళ్లు రాసి ఉంటారు. మే నెలలో మా ఊళ్లో వెచ్చబెట్టాల్సిన వస్తువు ఏముంటుంది? చల్లబెట్టాలి. ఇల్లంతా థర్మామీటరు పట్టుకుని తిరిగింది. హాల్లో పనికిరాదు, పడగ్గదుల్లో పనికిరాదు. చివరికి ఆవకాయ కొట్టులో ఆ గాజుగొట్టం శాంతించింది. నా మొహం చూసింది. నేను జాడీలను పై అరకు ఎక్కించి, వాసెన గుడ్డలు మళ్లీ బిగించి కట్టి, కింద చోటిచ్చాను. పక్కన మట్టికుండలో నీళ్లు పోసి పెట్టాను. కుండ చుట్టూ తడిగోనె. నా కొట్టులో తడిగోనె. ఇది రాస్తుంటే కూడా చెయ్యి జంకుతోంది.

మే చివర్లో ఉయ్యూరు నుంచి మా చెల్లెలు వచ్చింది, కంటి ఆపరేషనుకు. ఆపరేషను అయ్యాక ఇక్కడే ఉంది. ఇద్దరం ఒకే ఇంటి కోడళ్లం, తను ఇప్పటికీ ఆ పెంకుటింట్లోనే కోళ్లు పెంచుతోంది. పెట్ట నడక చూసి ఎప్పుడు గుడ్డు పెడుతుందో చెబుతుంది. నోరు కూడా కోడిలాగే, తెల్లారిందంటే ఆగదు.

ఒక పొద్దున మనవరాలు డబ్బా తెరిచి నన్ను పిలిచింది. వెళ్లి చూస్తే, ఒక గుడ్డుకు ఒళ్లంతా చెమట పట్టినట్టు నీటిబొట్లు. ఒక పక్క సొట్టపడి ఉంది. నా వెనకనుంచి మా చెల్లెలు మెడ చాపింది.

"మురిగిపోయింది," అంది.

"ఉండు చిన్న నానమ్మా."

"ఉండేదేముందే? కారుతోంది, సొట్టపోయింది. మురిగింది పగిలితే పక్కదాన్ని కూడా పాడుచేసుద్ది."

మనవరాలు ఫోను కోసం హాల్లోకి వెళ్లింది. వచ్చేసరికి మా చెల్లెలు ఆ గుడ్డును చెవి దగ్గర పెట్టుకుని ఊపుతోంది. మురిగిన కోడిగుడ్డు లోపల నీళ్లలా ఆడుతుంది, మేం చిన్నప్పటి నుంచి చూసే పరీక్ష అదే. ఆవిడ చెయ్యి ఎంత చటుక్కున వెళ్లిందంటే, పక్కనే ఉన్న నాకు అడ్డం పడాలన్న ఆలోచన కూడా రాలేదు. నిజం చెప్పాలంటే నా కంటికీ అది మురిగిన గుడ్డులాగే ఉంది.

"ఆడుతోంది," అంది మా చెల్లెలు. "నీళ్లైపోయింది."

మనవరాలు ఆ గుడ్డు తీసుకుని చాలాసేపు చూసింది. పిల్లలు దిగడానికి ఇంకా రోజులున్నాయని దాని లెక్క. మా ఎండలకు లోపల పెరుగుదల ముందే అవుతుందని దానికి అప్పటికి తెలియదు. తీసి పారేసేముందు ఒక్కసారి చూద్దామని సన్నకత్తెరతో పైన చీల్చింది.

లోపల పిల్ల ఉంది. ప్రాణంతో ఉంది. నల్లటి చారలు, పసుపు చారలు. పొట్టకింద దాని తలకాయంత సొన ముద్ద, ఇంకా లోపలికి పోలేదు. ఒకట్రెండు రోజులు ఆగితే ఆ సొనంతా పొట్టలోకి లాక్కుని అదే బయటికి వచ్చేది. తడిదూదిలో పెట్టి చేతిలో పట్టుకుని కూర్చుంది మా పిల్ల. మధ్యాహ్నందాకా దాని పక్కటెముకలు ఆడాయి. తర్వాత ఆడలేదు.

సాయంత్రం వాళ్ల సారుకు ఫోను చేసింది. చెమట పట్టడం, సొట్టపడడం దిగబోయే ముందు గుర్తులేనని ఆయన చెప్పాడట. ఊపినందుకు పోయిందా, కోసినందుకు పోయిందా అని అడిగింది. ఇప్పుడెవరు చెప్పగలరమ్మా అన్నాడట.

ఆ రోజు నుంచి మనవరాలు ఏ ప్రాణినీ ముట్టుకోలేదు. తల్లిబల్లిని రోజూ అరచేతిలో ఎక్కించుకునేది, మానేసింది. పురుగుల డబ్బా నా ముందుకు జరిపేది. అన్నం కూడా చెంచాతో తింటోంది. ఒకరోజు నేను కందిపప్పు ఏరుతుంటే వచ్చి కూర్చుంది.

"నేనింక కాలేజీకి వెళ్లను నానమ్మా. డాడీకి నువ్వు చెప్పు."

"ఏం?"

"ఈ చేతులు ఆ పనికి కాదు. రేపు ఎవరిదో ఆవు వస్తుంది, కుక్క వస్తుంది. వాళ్లు నన్ను నమ్మి ఇస్తారు."

"కూర్చుని పప్పు ఏరు ముందు," అన్నాను. ఓదార్చడం నాకు చేతకాదు. కానీ ఆ మాట నా గుండెలో ముల్లులా దిగింది. చిన్నప్పుడు రెక్క విరిగిన పిచ్చుకను గౌను జేబులో పెట్టుకుని బడికి వెళ్లిన పిల్ల అది. ఆ సీటు కోసం రెండేళ్లు రాత్రనక పగలనక చదివింది. సెలవులు అయిపోవస్తున్నాయి. మిగిలింది ఆ ఒక్క గుడ్డు. అందులోది కూడా పోతే దీన్ని నేను మళ్లీ గన్నవరం బస్సెక్కించలేనని నాకు తెలుసు.

ఆ రెండో గుడ్డు పెన్సిలు చుక్క కాస్త పక్కకు ఒరిగి ఉంది. మా చెల్లెలు దాన్ని కూడా కదిపిందా అంటే, ఆవిడకే గుర్తులేదు. "ముట్టుకున్నానేమోనే అక్కా. లేదేమో," అంటుంది. నూరుసార్లు అడిగినా అంతే. ఆపరేషను కన్ను బాగైనా ఉయ్యూరు వెళ్లడం లేదు. ఎందుకుంటోందో నేను అడగలేదు.

శనివారం పొద్దున. కొడుకూ కోడలూ తెనాలిలో పెళ్లికి వెళ్లారు. గుడ్డుకు ముందురోజే చెమట పట్టింది, ఈసారి ఎవరూ నోరెత్తలేదు. తెల్లవారి మూత తీస్తే తోలుమీద గోటితో గీరినట్టు చీలిక. చీలికలోంచి మూతి. బియ్యపుగింజంత మూతి, పైన రెండు సూదిబెజ్జాలు. కాస్త నురగలాంటి తడి బెజ్జాల దగ్గర ఉబ్బుతోంది, తగ్గుతోంది.

"ఊపిరి పీలుస్తోంది," అంది మనవరాలు. అన్ని రోజుల తర్వాత దాని మొహంలో కాస్త రంగు చూశాను.

టిఫిను వేళకు అలాగే ఉంది. వంటయ్యేవేళకు అలాగే ఉంది. మూతి ముందుకు రాలేదు, వెనక్కి పోలేదు.

"కాస్త గిల్లి దారిస్తే వచ్చుద్ది కదే," అంది మా చెల్లెలు. "మన కోడిపిల్లలకి ఎన్నిటికి ఇవ్వలేదు?"

"నువ్విచ్చావు. నేనివ్వలేదు."

"నీవి కూడా చచ్చినయ్యిలే."

అది నిజం. ఉయ్యూరులో ఒకే దొడ్లో ఇద్దరం కోళ్లు పొదిగించాం. పెంకు పగిలి పిల్ల ఆగిపోతే తను గిల్లి తీసేది, నేను ముట్టుకునేదాన్ని కాదు. తనవి కాళ్లు వంకర్లుపోయి చచ్చేవి, నావి పెంకులోనే ఎండి చచ్చేవి. బతికినవీ ఉన్నాయి, ఇద్దరికీ. ఎవరి పద్ధతి మంచిదో అప్పుడూ తేలలేదు.

మనవరాలు సారుకు ఫోను చేసింది. నాకూ వినపడేలా పెట్టింది. "రేపు పొద్దున్నదాకా చూడమ్మా," అన్నాడాయన. "చాలావరకు అవే వస్తాయి. మూతి దగ్గర పొర ఎండి బిగుసుకుంటుంటే మాత్రం తడిపి, చీలిక కాస్త పెంచు. లోపల సొన కనపడితే ఇక ముట్టుకోకు. ఎంత వచ్చేసేలా కనపడినా సరే బయటికి లాగొద్దు."

ఫోను పెట్టేసి అది తన పెట్టెలోంచి కత్తెర, పట్టకారు తీసి బల్లమీద పెట్టుకుంది. వాటివంక చూస్తూ కూర్చుంది. చెయ్యి ముందుకు పోతుంది, వెనక్కి వస్తుంది. నేను వెళ్లి ఆ రెండూ తీసుకుని నా బీరువాలో పెట్టి తాళం వేసి, తాళం చెవి నడుముకు దోపుకున్నాను.

"నానమ్మా."

"రేపటిదాకా అన్నాడుగా ఆయన."

"అవసరం పడితే?"

"పడినప్పుడు చూద్దాం."

మధ్యాహ్నం వడగాలి లేచింది. బందరు రోడ్డు మీద బస్సుల హారన్లు కూడా ఆ గాలికి వాడిపోయినట్టు వినపడ్డాయి. కరెంటు పోయింది. మా బిల్డింగులో జనరేటరు లిఫ్టుకే, ఇళ్లకు రాదు. కొట్టులో థర్మామీటరు గీత పైకి పాకింది. నేను గోనె మళ్లీ తడిపాను, కుండలో నీళ్లు మార్చాను, థర్మాకోల్ పెట్టె చుట్టూ నా పాత నేత చీర తడిపి చుట్టాను. పైన జాడీలు, కింద నీళ్లు. ఒక చుక్క పైకి చిందితే ఏడాది ఆవకాయ బూజు పడుతుంది. ఆ ఒక్క మధ్యాహ్నం దాని గురించి ఆలోచించకూడదనుకున్నాను, ఆలోచిస్తూనే ఉన్నాను.

మా చెల్లెలికి ఒకచోట కాలు నిలవదు. పావుగంటకోసారి వెళ్లి మూత తీస్తోంది. తీసినప్పుడల్లా మనవరాలు వెళ్లి భుజం మీదుగా చూస్తోంది. మూడోసారో నాలుగోసారో నేనూ వెళ్లాను. డబ్బా మూత లోపలివైపు పొద్దున నీటిబొట్లు నిండుగా ఉన్నాయి, ఇప్పుడు అరకొరగా ఉన్నాయి. మేం చూసినప్పుడల్లా లోపలి తడిని ఆ వేడిగాలి తాగేస్తోంది.

"ఇక ఎవరూ మూత తియ్యకూడదు," అన్నాను.

"చూడకపోతే ఎలా తెలుసుద్దే?"

"చూసి చంపుతారా? పోయి పడుకో. నీ కంట్లో చుక్కలు వేసుకునే టైమైంది."

నేను కొట్టు గుమ్మంలో పీట వేసుకుని కూర్చున్నాను. మనవరాలు నాకెదురుగా వంటింటి నేలమీద కూర్చుంది. చేతులు రెండూ ఒడిలో, గుప్పిళ్లు బిగించి. ఉక్కకు చెమటలు కారిపోతున్నాయి. చూడకుండా కూర్చోవడం ఎంత కష్టమో ఆ రోజు తెలిసింది. లోపల అది ఊపిరి తీస్తోందో లేదో తెలియదు, తెలుసుకోవాలని చూస్తే దాని ఊపిరికే చేటు.

ఎండ తగ్గుముఖం పట్టాక నేనే లేచి, చేతులు తుడుచుకుని మూత తీశాను. మనవరాలు వంగి చూసింది. మూతి అక్కడే ఉంది. బెజ్జాల దగ్గర నురగ లేదు. చీలిక అంచున ఉన్న పొర, పాలగిన్నె అంచున మీగడ ఎండినట్టు, మూతికి అంటుకుపోయి ఉంది. మేం గుక్కపట్టి చూశాం. చాలాసేపటికి మూతి ఒక్కసారి కదిలింది. కదిలిందా, నా కళ్లు కదిలాయా అన్నంత కొద్దిగా.

"పొర ఎండిపోయింది నానమ్మా. దానంతటది చీల్చుకోలేదు."

"సారు రేపటిదాకా అన్నాడు."

"ఎండితే తడపమని కూడా అన్నారు. తాళం ఇవ్వు."

నేను ఇవ్వలేదు. నడుము దగ్గర చెయ్యి పెట్టుకుని నిలబడ్డాను. మా చెల్లెలు పడకమీంచి లేచి వచ్చి, మొదటిసారి ఏమీ అనకుండా గోడకానుకుని నిలుచుంది.

ఆ తాళం అంత గట్టిగా ఎందుకు పట్టుకున్నానో అప్పుడు నాకు తెలిసొచ్చింది. బల్లిపిల్ల కోసం కాదు. ఎవరూ ముట్టుకోకుండా చస్తే అది దాని రాత, దేవుడి చిత్తం, ఏదో ఒకటి అనుకుని ఊరుకోవచ్చు. ఈ పిల్ల ముట్టుకున్నాక చస్తే ఇక అది ఈ పిల్లదే. దీన్ని కాపాడడానికి గుడ్డులోదాన్ని నేను చావుకు వదిలేస్తున్నాను. ఉయ్యూరులో నా కోడిపిల్లలు పెంకులో ఎండిపోయినప్పుడు కూడా నా చెయ్యి శుభ్రంగానే ఉండేది.

"లాగవుగా?" అన్నాను.

"లాగను."

"ఎక్కడ ఆపాలో తెలుసుగా?"

వెంటనే జవాబు చెప్పలేదు. తెలుసు అని గబుక్కున అని ఉంటే నేను ఇచ్చేదాన్ని కాదేమో. "సొన కనపడేదాకా. తర్వాత నువ్వు చెప్పినా ముట్టుకోను," అంది.

నడుమునుంచి తాళం చెవి తీసి ఇచ్చాను.

చేతులు కడుక్కుంది. ఆ తడిచేతులతోనే కొట్టులోకి వచ్చింది, నేను పట్టించుకోలేదు. కాచి చల్లార్చిన నీళ్లు గోరువెచ్చగా ఉన్నాయో లేదో మణికట్టు మీద పోసుకుని చూసుకుంది. చిన్నప్పుడు బొమ్మలకు రంగులేసిన సన్నకుంచె ఒకటి ఎక్కడినుంచో తెచ్చి, దాన్ని నీళ్లలో ముంచి పొరమీద అద్దింది. రుద్దలేదు. అద్ది తీసింది, అద్ది తీసింది. మోచెయ్యి మోకాలికి ఆనించుకుని మళ్లీ అద్దింది. గుడ్డును చేత్తో ఎత్తలేదు, ఉన్నచోటే ఉంచింది. నేను ఫోను లైటు పట్టుకున్నాను.

"పసుపు కాస్త అద్దనా?" అంది మా చెల్లెలు సన్నగా.

"వద్దు చిన్న నానమ్మా."

పొర మెత్తబడి మూతినుంచి విడిపోయింది. అప్పుడు కత్తెర మొన తోలు కిందికి పోనిచ్చి, మొన పైకే ఉండేలా పట్టుకుని, ఒక్క కత్తిరింపు. గోరంత. ఆగి చూసింది. ఇంకొకటి. చీలిక విచ్చుకుంది. లోపల తల, మెడ, మడుచుకున్న ముంజేయి. కన్ను మూసి ఉంది. ఆ చేతికింద వేరుశనగ పప్పంత పసుపుపచ్చని ముద్ద, దాని చుట్టూ దారాల్లాంటి ఎర్రటి నరాలు.

బల్లిపిల్ల నోరు తెరిచింది. గాలి గుక్కెడు తీసుకుంది. బయటికి వచ్చేలాగే ఉంది. పట్టకారుతో ఇంత పట్టుకుంటే వచ్చేసేదే, నాకే అనిపించింది. నా వేళ్లు ఫోను చుట్టూ బిగుసుకున్నాయి.

"ఇంకొంచెం. ఇంకొంచెం లాగవే తల్లీ, ఊపిరాడుతోంది దానికి," అంది మా చెల్లెలు.

మనవరాలు కత్తెర కింద పెట్టింది. పట్టకారు అసలు చేతిలోకే తీసుకోలేదు.

"అంతే," అంది. "నా పని అయిపోయింది."

డబ్బాలో రెండు పక్కలా నీళ్లు చిలకరించి, మూత పెట్టి, తడిచీర చుట్టి లేచింది. మా చెల్లెలు నా మొహంలోకి చూసింది. నేను జీవితంలో ఎన్నో పనులు మొదలుపెట్టడం చూశాను, ముగించడం చూశాను. చెయ్యి అంత దగ్గరగా ఉండి ఆగిపోవడం అంతగా చూడలేదు.

కరెంటు వచ్చింది. అన్నం వండి, కొత్త ఆవకాయ తీసి నెయ్యి వేసి పెట్టాను. మనవరాలు చెంచా తీసుకోబోయి, మానేసి, చేత్తో కలుపుకుంది. ఎవరూ కొట్టువైపు చూడలేదు. చూడకుండానే పడుకున్నాం.

ఆదివారం నేను తెల్లవారకముందే లేస్తాను, మొదటి ఆరాధనకు వెళ్లాలని. ఆ రోజు చీర కట్టుకుని కూడా వెళ్లలేదు. పీటమీద కూర్చున్నాను. బైబిలు ఒళ్లో ఉంది, కళ్లు అక్షరాల మీద నిలవలేదు. మనవరాలు లేచి వచ్చేదాకా మూత తియ్యలేదు. అది తనే తియ్యాలి.

వచ్చింది. మొహం కడుక్కోలేదు. మూతమీద చెయ్యి పెట్టి కాసేపు అలాగే ఉంది.

"తియ్యి," అన్నాను.

తీసింది. గుడ్డు ఖాళీగా పడి ఉంది, పిండేసిన నిమ్మచెక్కలా. ఆ పక్కన మట్టిలో ఏమీ లేదు. డబ్బా మూలన, మా వైపు తిరిగి, చిటికెనవేలంత బల్లిపిల్ల నాలుగు కాళ్లమీద నిక్కి నిలబడి ఉంది. నల్లచారలు, పసుపు చారలు. పొట్టకింద సొన లేదు, ఎండిన దారప్పోగు ఒకటి వేలాడుతోంది. మనవరాలి నీడ పడగానే అది నోరు తెరిచి కీచుమని అరిచింది. అంత ఒంట్లో అంత గొంతు ఎక్కడ దాచుకుందో.

మా చెల్లెలు వెనకనుంచి వచ్చి చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుని ఏడ్చింది. తర్వాత వెంటనే, "అరిచేది చూడు, అచ్చం మీ నానమ్మే," అంది.

"చేతిలోకి తీసుకో," అన్నాను మనవరాలితో.

"ఇప్పుడు ముట్టుకోకూడదు నానమ్మా. తొలి కుబుసం విడిచేదాకా దాని మానాన దాన్ని వదిలెయ్యాలి."

అలా అని లేచి హాల్లోకి వెళ్లింది. గాజుపెట్టె మూత జరిపిన చప్పుడు విన్నాను. నేను గుమ్మంలోంచి చూసేసరికి, తల్లిబల్లి కింద అరచెయ్యి పరిచి ఆగి ఉంది. బల్లి రెప్పలు మూసి తెరిచి, ఒక కాలు, తర్వాత ఒక కాలు పెట్టి చేతిమీదికి ఎక్కింది.

"పురుగుల డబ్బా ఎక్కడ పెట్టావ్?" అని అడిగింది.

"తవుడు పక్కన," అన్నాను. "పట్టకారు బీరువాలో వెతక్కు. బల్లమీదే ఉంది."

రెండో ఆరాధనకు టైముంది. మా చెల్లెలు బ్యాగు సర్దుకుంటోంది, ఉయ్యూరు బస్సుకు. నేను కొట్టులోకి వెళ్లి, తడిగోనె తీసి బయట ఆరేసి, చేతులు తుడుచుకుని, ఒక్కో జాడీ వాసెన విప్పి చూశాను. ఎక్కడా బూజు లేదు.